ముఖం కనపడని ఫొటో

నెల కిందట మా పాత స్కూలు స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఒకడు ఇవో జిమా ఫొటో పెట్టాడు. ఆరుగురు అమెరికన్ సైనికులు రాళ్ల గుట్ట మీద వంగి, తోసి, పైకెత్తి, జెండా కట్టిన ఒక గొట్టాన్ని నిలబెడుతున్న ఆ ఫొటోను మీరు కూడా ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. దాని కింద మావాడు రాసినది ఒకే వాక్యం: "ఇది కూడా సెట్టింగేనంట, పోజు పెట్టించి తీశారంట." ఆ "అంట"కు వెంటనే ఏడెనిమిది నవ్వు బొమ్మలు వచ్చిపడ్డాయి. లోకంలో మరొకటి కూడా అబద్ధమేనని తెలిసినప్పుడు మనవాళ్లకు కలిగే తృప్తి అంతా ఇంతా కాదు. నేను ఆ రోజు ఏమీ అనలేదు. చెప్పవలసినది ఫోను తెరలో పట్టేది కాదు గనక ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ మాట సంగతి తేల్చేస్తాను. ఆ ఫొటో పోజు పెట్టించి తీసినది కాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ మెరైన్ దళాలు 1945 ఫిబ్రవరి 19న జపాను చేతిలో ఉన్న ఇవో జిమా మీద దిగాయి. ఆ పేరుకు గంధకపు దీవి అని అర్థం. మొత్తం ఇరవై చదరపు కిలోమీటర్లకు కాస్త మించిన నేల, ఒక కొసన సురిబాచి అనే అగ్నిపర్వతపు కొండ, తీరమంతా కాలు పెడితే దిగబడే నల్లని బూడిద. అయిదో రోజున, అంటే 23వ తేదీ ఉదయం, ఒక దళం కొండ ఎక్కి చిన్న జెండా ఒకటి ఎగరేసింది. దాన్ని మెరైన్ల సొంత పత్రిక లెదర్‌నెక్ కోసం లూ లోవరీ అనే సార్జెంటు ఫొటో తీశాడు. తీసిన కాసేపటికి జపాను సైనికులు విసిరిన గ్రెనేడు నుంచి తప్పించుకోవడానికి వాలులోకి దూకి కెమెరా పగలగొట్టుకున్నాడు. కొండ దిగుతుండగా అసోసియేటెడ్ ప్రెస్ ఫొటోగ్రాఫరు జో రోసెంథాల్ ఎదురయ్యాడు. జెండా ఎగరెయ్యడం అయిపోయిందనీ, అయినా పైనుంచి చూస్తే దీవి బాగా కనిపిస్తుంది కాబట్టి వెళ్లమనీ లోవరీ అతనికి చెప్పాడు.

రోసెంథాల్ చూపు మందగించినవాడు. ఆ కారణంగానే సైన్యం అతన్ని చేర్చుకోలేదు. పొట్టివాడు కూడా. అతను పైకి చేరేసరికి మొదటి జెండాను దించి, దూరంగా ఉన్నవాళ్లకు సైతం కనిపించేలా మరో పెద్ద జెండాను నిలబెట్టే ఏర్పాటు జరుగుతోంది. జెండాకర్రగా వాళ్లకు దొరికింది జపానువాళ్లు వాడుకున్న నీటి గొట్టం. ఎత్తు చాలక రోసెంథాల్ రాళ్లూ ఇసుక బస్తా పేర్చి వాటి మీదకు ఎక్కాడు. పక్కన సినిమా కెమెరాతో నిలబడ్డ మెరైన్ సార్జెంటు బిల్ జెనాస్ట్, తాను అడ్డు రావడం లేదు కదా అని అడిగాడు. అతనికి జవాబు చెప్పేలోపలే గొట్టం లేవడం కంటికొసన కనిపించి, రోసెంథాల్ కెమెరా తిప్పి షట్టరు నొక్కాడు. అది తెరుచుకున్నది సెకనులో నాలుగు వందల వంతు. ఏం పడిందో, అసలు పడిందో లేదో అతనికి తెలియదు. అతని చేతిలోని స్పీడ్ గ్రాఫిక్ కెమెరాలోని ఫిల్మును అక్కడికక్కడ కడిగి చూసుకునే వీలు లేదు. దాన్ని విమానంలో గువామ్ దీవికి పంపాలి, అక్కడ కడగాలి, సెన్సారు దాటాలి, ఆ పైన రేడియో తరంగాల మీద అమెరికాకు చేరాలి.

ఆ జెండా నిలబడ్డాక, దాని కింద ఉన్న సైనికులందరినీ గుంపుగా నిలబెట్టి, తుపాకులూ టోపీలూ పైకెత్తించి రోసెంథాల్ ఇంకొక ఫొటో తీశాడు. అది ముమ్మాటికీ పోజే. కొన్ని రోజులకు అతను గువామ్ చేరినప్పుడు ఒక విలేకరి అభినందించి, ఆ ఫొటోకు పోజు పెట్టించావా అని అడిగాడు. తన ఫొటోల్లో ఏది అచ్చయిందో అప్పటికింకా చూడని రోసెంథాల్, గుంపు ఫొటో గురించి అడుగుతున్నారనుకుని అవునన్నాడు. పక్కనే ఉండి విన్న టైమ్ పత్రిక విలేకరి రాబర్ట్ షెరాడ్ ఆ మాటను తన ఆఫీసుకు పంపాడు; టైమ్ వారి రేడియో కార్యక్రమం దాన్ని చదివింది; తర్వాత తప్పు తెలుసుకుని వెనక్కి తీసుకుంది. దిద్దుబాటు అక్కడే ఆగిపోయింది. అపవాదు మాత్రం 80 ఏళ్లు నడిచి మా గ్రూపు దాకా వచ్చింది. జెనాస్ట్ తీసిన రంగుల ఫిల్ము ఈనాటికీ ఉంది. గొట్టం నేల మీద నుంచి లేచి నిటారుగా నిలవడానికి పట్టిన ఆ కొద్ది సెకన్లలో ఏ ఒక్కరూ ఆగలేదనీ, కెమెరా వైపు చూడలేదనీ అందులో ఎవరైనా చూసుకోవచ్చు. దాన్ని తీసిన జెనాస్ట్ మార్చి 4న అదే దీవిలో ఒక గుహలో చనిపోయాడు. అతని శవం ఇంతవరకూ దొరకలేదు.

ఎగరేసింది రెండో జెండా కాబట్టి అది నకిలీయే కదా అనేవాళ్లు కూడా ఉన్నారు. మన పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫరు "ఇంకొక్కసారి బాబూ" అనగానే వరుడు, ముడి పడిపోయిన మంగళసూత్రాన్ని మళ్లీ చేత్తో పట్టుకుని, కెమెరా వైపు చూస్తూ కడుతున్నట్టు నటిస్తాడు. అది పోజు. వాడిన దండ తీసి నిజంగానే మరో దండ వేస్తుండగా పక్కనున్నవాడు క్లిక్కుమనిపిస్తే అది పోజు కాదు. సురిబాచి మీది రెండో జెండా ఈ దండ లాంటిది. పసిఫిక్ యుద్ధంలో ప్రదర్శన ఎక్కువైన ఫొటో కావాలంటే, 1945 జనవరిలో ఫిలిప్పీన్స్‌లోని లింగాయెన్ తీరాన జనరల్ మెకార్థర్ మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి వస్తుండగా కార్ల్ మైడన్స్ తీసినది చూడండి. నటుడెవరో అక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

ఇంతా చెప్పి, ఈ తగవు మీద నాకు పెద్ద ఆసక్తి లేదని కూడా ఒప్పుకోవాలి. పోజా కాదా అనే ప్రశ్న బోనులో నిలబెట్టేది ఫొటోగ్రాఫరు ఒక్కణ్ణే. ఫొటోను బయటికి వదిలినవాడు, నెలల తరబడి బీరువాలో పెట్టినవాడు, అంచులు కత్తిరించినవాడు, దాన్ని చూపించి డబ్బు పోగుచేసినవాడు అందరూ ఆ ప్రశ్న నుంచి దర్జాగా తప్పించుకుంటారు. పసిఫిక్ దీవుల మీద దాడుల ఫొటోలను కొన్నేళ్లుగా మళ్లీ మళ్లీ చూస్తూ వచ్చాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: ఆ ఫొటోలను అడగవలసినది మరో ప్రశ్న. ఇందులో ఎవరి ముఖం కనిపిస్తోంది, ఎవరి ముఖం కనిపించడం లేదు, ఆ తేడాను ఎవరు నిర్ణయించారు?

రోసెంథాల్ ఫొటోను ఈ ప్రశ్నతో ఒకసారి చూడండి. ఆరుగురున్నారు. గుర్తుపట్టేలా ఒక్కరి ముఖమూ కనిపించదు. వీపులు, మోచేతులు, బూట్లు, ఇనుప టోపీలు కనిపిస్తాయి. చుట్టూ శవం లేదు, రక్తం లేదు, శత్రువు లేడు. అడ్డంగా తీసిన ఫొటోను నిలువుగా కత్తిరించి అచ్చు వేశారు కాబట్టి చుట్టూ ఉన్న ఖాళీ కూడా పోయి జెండా మరింత పైకి లేచింది. అలాంటి ఫొటోను ఆపవలసిన అవసరం ఏ సెన్సారుకూ కలగదు. తీసిన 18 గంటల లోపలే అది అమెరికా చేరింది. 25వ తేదీ ఆదివారం పత్రికల మొదటి పేజీల్లో కూర్చుంది. జూలైలో తపాలా బిళ్ల అయింది. ఆ వేసవిలో జరిగిన ఏడో యుద్ధ రుణ సేకరణకు అదే ప్రచార చిత్రం. ఆ సేకరణ 2,630 కోట్ల డాలర్లు రాబట్టింది. ఆ దీవి మీద పోరు మాత్రం ఫొటో తర్వాత ఇంకా నెలకు పైగా సాగింది. మొత్తం 36 రోజుల్లో చనిపోయిన అమెరికన్లు 6,800 మందికి పైనే. దీవిని కాపాడుతున్న జపాను సైనికులు సుమారు ఇరవై వేల మందిలో ప్రాణాలతో పట్టుబడినది కొన్ని వందల మంది. ఫొటోలోని ఆరుగురిలో ముగ్గురు ఆ నేల మీదే పోయారు. జెండా చూసి యుద్ధం గెలిచేశారనుకున్న పత్రికా పాఠకుడికి ఇవేవీ ఆ ఆదివారం తెలియవు.

ఆ పక్కన బూనా ఫొటో పెట్టుకోండి. న్యూ గినీ దీవి ఉత్తర తీరంలో 1942 చివర, 1943 మొదట్లో జరిగిన బూనా పోరులో లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫరు జార్జ్ స్ట్రాక్ దాన్ని తీశాడు. ముగ్గురు అమెరికన్ సైనికులు ఇసుకలో పడి ఉన్నారు. అలలు వచ్చి పోతూ ఒక శరీరాన్ని సగం ఇసుకలో కప్పేశాయి. వెనక విరిగిపోయిన పడవ ఒకటి ఉంది. ఇక్కడ కూడా ముఖాలు లేవు, ఏ దళం వాళ్లో తెలిపే గుర్తులూ లేవు. అయినా సెన్సారు దాన్ని ఏడు నెలలకు పైగా వదల్లేదు. యుద్ధంలోకి దిగిన 1941 డిసెంబరు నుంచీ అమెరికా తన సైనికుల శవాల ఫొటో ఒక్కదాన్నీ పత్రికల్లో రానివ్వలేదు. లైఫ్ సంపాదకులు పట్టుబట్టారు. యుద్ధ సమాచార కార్యాలయం అధిపతి ఎల్మర్ డేవిస్, ప్రజలకు యుద్ధం ఇంకా ఆటలాగే కనిపిస్తోందని, నిజం కొంత చూపించాలని ప్రభుత్వంతో వాదించాడు. చివరకు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒప్పుకున్నాడు. 1943 సెప్టెంబరు 20 సంచికలో ఆ ఫొటో పూర్తి పేజీ మీద వచ్చింది. దాన్ని ఎందుకు అచ్చు వేస్తున్నామో వివరిస్తూ పత్రిక ఒక సంపాదకీయమే రాసుకోవలసి వచ్చింది.

దీన్ని అమెరికన్ పత్రికా స్వేచ్ఛకు దక్కిన గెలుపుగా చెప్పుకుంటారు. గెలుపే, కాదనను. అదే లైఫ్ పత్రిక అంతకు దాదాపు ఎనిమిది నెలల ముందు, 1943 ఫిబ్రవరి 1న, గ్వాదల్‌కనాల్ దీవి నుంచి రాల్ఫ్ మోర్స్ పంపిన మరో ఫొటో వేసింది. కాలిపోయిన ట్యాంకు మీద ఒక జపాను సైనికుడి తెగిన తల. ఇనుప టోపీ ఇంకా తల మీదే ఉంది. నోరు తెరుచుకుని ఉంది. మాడిన ముఖం నేరుగా మనవైపే చూస్తుంది. ఆ ముఖానికి ఏడు నెలలు నిరీక్షించే అవసరం రాలేదు. తమవాడి వీపు చూపించడానికి అధ్యక్షుడి అనుమతి కావలసి వచ్చిన దేశంలో, ఎదుటివాడి ముఖం చూపించడానికి మామూలు సెన్సారు ముద్ర సరిపోయింది. ఈ రెండు సంచికలూ ఒకే ఇంటికి, ఒకే పోస్టుమ్యాను చేతుల మీదుగా వచ్చాయి. పెద్దగా ఎవరూ దాన్ని వింతగా అనుకున్నట్టు లేదు. మనమూ అనుకోము. ఎన్‌కౌంటర్‌లో పోయినవాళ్లను వరసగా పడుకోబెట్టి ముఖాలు కనిపించేలా తీసిన ఫొటోలను మన దినపత్రికల్లో టీ తాగుతూ చూసిన తరం మాది. అదే పేజీలో జవాను భౌతికకాయం జెండా కప్పుకుని వచ్చేది.

దీనికి ఒక గట్టి జవాబు ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. కొడుకు పోయిన సంగతి తంతి రాకముందే పత్రికలో శవాన్ని చూసి తల్లి తెలుసుకోకూడదు. ముఖాలు దాచడంలో ఆ దయ ఉంది. నేను దాన్ని తీసిపారెయ్యను. అయితే ఆ దయకు హద్దు గీసినది జాతి. ట్యాంకు మీది ఆ తలకు కూడా ఏ హొన్షూ పల్లెలోనో తల్లి ఉండే ఉంటుంది. ఆమె లైఫ్ పత్రిక చందాదారు కాదన్న ధీమాతో ఆ ఫొటో అచ్చయింది. ఇంకొక సంగతి, వీపు చూపిస్తే మనిషిని దాచినట్టేనని సెన్సారు అనుకున్నది కూడా పూర్తిగా నిజం కాదు. టెక్సస్‌లో బెల్ బ్లాక్ అనే తల్లి పత్రికలో రోసెంథాల్ ఫొటో చూసింది. గొట్టం మొదట్లో వంగి, వీపు మాత్రమే కనిపిస్తున్న సైనికుణ్ణి చూపించి వాడు మా హార్లన్ అంది. ఇంట్లోవాళ్లు నమ్మలేదు. ప్రభుత్వం విడుదల చేసిన ఆరు పేర్లలో హార్లన్ బ్లాక్ పేరు లేదు. ఆ చోట హెన్రీ హాన్సెన్ అనే మరొకరి పేరు ఉంది. ఆ పేర్లు వెలువడేనాటికే హార్లన్ ఇవో జిమాలో చనిపోయాడు.

ఆమె చెప్పిందే నిజమని తెలిసిన మనిషి ఒకడున్నాడు. ఆ ఆరుగురిలో బతికి బయటపడ్డ ఐరా హేస్, అరిజోనాలోని పీమా తెగ ఆదివాసి. పేరు తప్పు పడిందని అతను 1945లోనే పై అధికారికి చెప్పాడు. పేర్లు ప్రకటించేశాం, ఇక నోరు మూసుకోమన్నారు. యుద్ధ రుణ బాండ్ల ప్రచారం కోసం అతన్నీ మరి ఇద్దరినీ ఊరూరా తిప్పి, వేదికలెక్కించి, జెండాలు ఎత్తించారు. 1946లో హేస్ దారిన పోయే వాహనాలను ఆపి ఎక్కుతూ, రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, టెక్సస్‌లోని బ్లాక్ ఇంటికి వెళ్లి ఆ వీపు మీ అబ్బాయిదేనని చెప్పి తిరిగి వచ్చాడు. ఆ తర్వాత విచారణ జరిగి, 1947 జనవరిలో మెరైన్ దళం పేరు దిద్దింది. హేస్ తాగుడుకు బానిసై 1955లో 32 ఏళ్ల వయసులో పోయాడు. ఈ మొత్తం కథలో కెమెరా ముందు పోజు పెట్టవలసి వచ్చినవాడు ఎవరైనా ఉంటే అతనేనని నాకనిపిస్తుంది. ఆ పోజు పెట్టించింది రోసెంథాల్ కాదు.

పేర్ల గొడవ అక్కడితో ఆగలేదు. ముఖం లేని ఫొటోలో ఎవరినైనా ఊహించుకోవచ్చు, అదే దాని బలం. ప్రతి ఇల్లూ అందులో తన కొడుకును చూసుకుంది. నష్టం కూడా ఆ సౌకర్యంలోనే ఉంది. సైనిక వైద్య సహాయకుడు జాన్ బ్రాడ్లీ ఆ ఆరుగురిలో ఒకడని 71 ఏళ్లు నమ్మారు. సైనికుల ఒంటి మీది సామాను, నడుము పట్టీ, ప్యాంటు మడతలు భూతద్దం పెట్టి పోల్చుకున్న ఇద్దరు ఔత్సాహికులు అడ్డుపడ్డారు; 2016లో మెరైన్ దళం బ్రాడ్లీ పేరు తీసి హెరాల్డ్ షుల్జ్ పేరు చేర్చింది. 2019లో రెనే గాన్యన్ పేరు పోయి హెరాల్డ్ కెల్లర్ పేరు వచ్చింది. కెల్లర్‌ను పట్టించిన ఆధారాల్లో చేతి వేలి పెళ్లి ఉంగరం ఒకటి. బ్రాడ్లీ అబద్ధమాడాడని నేననుకోను. అతను ఉదయం మొదటి జెండా దగ్గర నిజంగానే ఉన్నాడు. గాన్యన్ రెండో జెండాను కొండ పైకి మోసుకెళ్లినవాడు. ఎవరి జ్ఞాపకం ఏ జెండాకు అంటుకుందో ఎవరు చెప్పగలరు? ఇందులో నన్ను వెంటాడేది షుల్జ్. లాస్ ఏంజెలెస్‌లో తపాలా శాఖలో ఉద్యోగం చేసి 1995లో చనిపోయాడు. బయటివాళ్లకెవరికీ ఆ సంగతి చెప్పుకోలేదు. తన వీపు అచ్చయిన బిళ్ల అంటించిన ఉత్తరం ఏదైనా ఎప్పుడైనా అతని చేతుల మీదుగా పోయిందేమో.

ఈ లోపల ఫొటోలో లేని ముఖాలను శిల్పి ఫీలిక్స్ డి వెల్డన్ కంచులో పోశాడు. వాషింగ్టన్ పొలిమేరలో, ఆర్లింగ్టన్‌లో, 1954 నవంబరు 10న ఆవిష్కరించిన ఆ బ్రహ్మాండమైన విగ్రహానికి బతికున్న ముగ్గురిని కూర్చోబెట్టి ముఖాలు చెక్కాడు. ఆ ముగ్గురిలో ఇద్దరు, బ్రాడ్లీ, గాన్యన్, ఫొటోలో లేరు. చూసేవాళ్లు ఆ కంచు ముఖాలకు సెల్యూట్ చేసి ఫొటోలు తీసుకుని పోతుంటారు.

సెన్సారు 1943 సెప్టెంబరు తర్వాత కొంత సడలింది. ఆ నవంబరులో తరావా దీవుల్లోని బేషియో మీద దాడి జరిగింది. పోటు చాలక పడవలు పగడపు దిబ్బ దాటలేక, సైనికులు వందల గజాలు నీళ్లలో నడిచి వస్తూ తుపాకి గుళ్లకు గురయ్యారు. 76 గంటల్లో సుమారు వెయ్యి మంది అమెరికన్లు పోయారు. నార్మన్ హ్యాచ్ తదితర మెరైన్ కెమెరామన్లు అక్కడ తీసిన సినిమాలో తమవాళ్ల శవాలు నీళ్ల మీద తేలడం ఉంది కాబట్టి దాని విడుదలకూ రూజ్‌వెల్ట్ అనుమతి కావలసి వచ్చింది. 1944 మార్చిలో విడుదలై, ఆస్కారు కూడా గెలిచింది.

ఇక్కడి దాకా ముఖాలు ఉన్నా లేకపోయినా, ఈ ఫొటోల్లో ఉన్నవాళ్లందరూ సైనికులే. మరి ఆ దీవుల్లో మనుషులుండేవారు కారా? ఇవో జిమాలో ఉండేవారు, సుమారు వెయ్యి మంది. చెరకు పండించుకుంటూ, గంధకం తవ్వుకుంటూ బతికేవారు. 1944లో జపాను సైన్యం వాళ్లను ఖాళీ చేయించి ప్రధాన భూభాగానికి పంపేసింది, పనికొచ్చే కొందరు మగవాళ్లను మాత్రం ఉంచుకుంది. దీవి 1968లో మళ్లీ జపాను చేతికి వచ్చాక కూడా వాళ్లను తిరిగి కాపురం ఉండనివ్వలేదు. ఇప్పటికీ అక్కడ ఉండేది సైనిక స్థావరమే. రోసెంథాల్ ఫొటోలో జెండా వెనక అంత ఖాళీ ఆకాశం, అంత నిర్మలంగా ఉండటానికి ఇదీ ఒక కారణమే. అది ఊరు లేకుండా చేసిన నేల.

సైపాన్‌లో ఆ పని చేయలేదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ జపాను ఏలుబడిలో ఉన్న ఆ దీవిలో చెరకు తోటలున్నాయి, ఒకినావా నుంచి వలస వచ్చిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, చమోరోలు, కరోలినియన్లు అనే స్థానికులున్నారు. 1944 జూన్ 15న అమెరికన్లు దిగాక వాళ్లంతా కొండ గుహల్లోకి పోయారు. పట్టుబడితే చిత్రహింసలు పెడతారని వాళ్లకు నూరిపోశారు. దీవి ఉత్తరపు కొసన ఎందరో తల్లులు పిల్లలతో సహా కొండచరియల మీద నుంచి సముద్రంలోకి దూకారు. ఆ జూన్‌లో అక్కడ ఉన్న అమెరికన్ ఫొటోగ్రాఫరు యూజీన్ స్మిత్‌కు 25 ఏళ్లు. గుహలను వెతికే సైనికుల వెంట వెళ్లిన అతను తీసిన ఒక ఫొటోలో, కొన ఊపిరితో దొరికిన పసిబిడ్డను ఒక సైనికుడు రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నాడు. అరచేతుల్లో అంతా సరిపోయేటంత బిడ్డ. సైనికుడికి ఆ బిడ్డను ఎలా పట్టుకోవాలో కూడా తెలియడం లేదు. ఎవరిని చంపడానికి శిక్షణ ఇచ్చారో వాళ్ల బిడ్డను ఎత్తుకున్న చేతులవి. నా దృష్టిలో పసిఫిక్ యుద్ధానికి ఫొటో అంటూ ఒక్కదాన్నే ఎంచుకోవలసి వస్తే జెండా ఫొటో కాదు, ఇదే.

స్మిత్ తర్వాత రాసుకున్నదాని ప్రకారం, ఆ గుహల్లోంచి బయటికొచ్చిన మనుషుల్లో అతనికి తన భార్య, తన పిల్లలు, తన తల్లి కనిపించారు. అతనూ అమెరికన్ పత్రికలకే పనిచేశాడు, అదే సెన్సారు కింద పనిచేశాడు, జెండా ఫొటోల లాంటివి తీయలేదనీ అనను. ఇవో జిమాలో గుహ పేల్చివేతను అతను తీసిన ఫొటో 1945 ఏప్రిల్ 9 లైఫ్ ముఖచిత్రం. కానీ అతని కెమెరా సైనికుడి వీపు దాటి ముందుకు వెళ్లి, ఎదుటివాళ్ల ముఖాల దగ్గర ఆగింది. ఆ మేలో ఒకినావాలో ఫొటో తీస్తుండగా మందుగుండు తునక ఒకటి అతని ఎడమ చేతినీ ముఖాన్నీ చీల్చింది. కోలుకోవడానికి రెండేళ్లు పట్టింది. 1971లో మళ్లీ జపానుకే వెళ్లి, మినమాతాలో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం విషానికి గురైన కుటుంబాల మధ్య మూడేళ్లు కాపురం ఉండి ఫొటోలు తీశాడు.

నాకు ఈ గొడవంతా ఎందుకని మా ఇంట్లోవాళ్లే అడుగుతారు. మా నాయనమ్మది విశాఖపట్నం. ఆమె ఎవరి వయసైనా ఒకే లెక్కతో చెప్పేది: "జపానోడు బాంబులేసిన యేటికి వాడు పాలు తాగుతున్నాడు." 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాను విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని పల్లెలకు పోయిందని నాయనమ్మ చెప్పేది. ఆ నౌకే అయిదు నెలలు తిరక్కుండా ఆగస్టు 24న, గ్వాదల్‌కనాల్ కోసం జరిగిన పోరులో, సాలమన్ దీవుల దగ్గర అమెరికన్ల చేతిలో మునిగిపోయింది. మునగబోతూ కదలలేకుండా ఉన్న ర్యూజోను ఆకాశంలోంచి అమెరికన్ బాంబరు తీసిన ఫొటో ఒకటి ఉంది. దాన్ని మొదటిసారి చూసిన రోజు చాలాసేపు కదలలేకపోయాను. నాయనమ్మకు రాత్రికి రాత్రి ఊరు విడిపించిన ఓడ, నీళ్ల మీద పుల్లలాగా ఉంది. బాంబు పడ్డ ఓడ ముఖం నాకు తెలుసు. ఆ ఏప్రిల్‌లో ఎడ్లబండి ఎక్కిన నాయనమ్మ ముఖం తెలియదు. ఆమె మొదటి ఫొటో మా నాన్న పెళ్లిలో దిగింది.

అందుకే కాబోలు, ఒకినావా పాప ఫొటో దగ్గర నేను అందరికన్నా ఎక్కువసేపు ఆగుతాను. ఆ దీవి మీద యుద్ధం ముగుస్తున్న రోజుల్లో, 1945 జూన్ 25న, చినిగిన బట్టలతో ఏడేళ్ల పిల్ల ఒకతె, కర్రకు కట్టిన తెల్లగుడ్డ పట్టుకుని, రెండో చెయ్యి ఊపుతూ అమెరికన్ కెమెరా వైపు నడిచి వచ్చింది. జెండా ఎత్తుకున్న ఫొటోయే ఇది కూడా. కాకపోతే ఇందులో ముఖం పూర్తిగా కనిపిస్తుంది. ఆమె వెనక కొద్ది దూరంలో జపాను సైనికులు నడుస్తుండటం వల్ల, పిల్లను అడ్డం పెట్టుకుని వాళ్లు లొంగిపోతున్నారని చూసినవాళ్లు కథ అల్లుకున్నారు. హిగా తోమికో పెద్దయ్యాక ఒక పుస్తకంలో ఆ ఫొటో చూసి, అది తానేనని గుర్తుపట్టింది. కొన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. కథ తప్పుగా పాకుతోందని తెలిశాక బయటికి వచ్చి, తనను ఎవరూ అడ్డం పెట్టుకోలేదనీ, తాను ఒంటరిగానే నడిచాననీ చెప్పింది. 1989లో పుస్తకం రాసింది. ఆ తెల్లగుడ్డ ఎక్కడిదో అందులో ఉంది. ఇంటివాళ్ల నుంచి తప్పిపోయి ఒంటరిగా తిరుగుతూ ఆమె దూరిన గుహలో ఒక ముసలి దంపతులున్నారు. ఆయనకు కాళ్లూ చేతులూ లేవు, ఆమెకు చూపు లేదు. ఆయన గోచీ గుడ్డను చించి కర్రకు కట్టి ఇచ్చి, నువ్వు బయటికి పో అని పంపారు. వాళ్లిద్దరూ గుహలోనే ఉండిపోయారు. ఫొటోలో లేరు.